గండుచీమను బతికించిన మా వదిన

మా వదిన తన పెళ్ళికి తానే ఆలస్యంగా వచ్చిన మనిషి. హాల్లో మైకు మూగబోయిందని ఎవరో అన్నారట. పెళ్ళికూతురు ఏదీ, ఏదీ అని అందరూ వెతుకుతుంటే ఆవిడ వేదిక వెనక పెళ్ళిబట్టల్లోనే గొంతుక్కూర్చుని, ఆంప్లిఫయర్ మూత విప్పి లోపలికి తొంగి చూస్తోంది. చివరికి అన్నయ్యే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "మైకు లేకపోయినా పెళ్ళవుతుంది, నువ్వు లేకపోతే అవదు" అన్నాడట. "ఒక్క నిమిషం, వైరు ఊడిందంతే" అందట ఆవిడ. ఆ తరవాత మా ఇంట్లో ఆ "ఒక్క నిమిషం" విననివాళ్ళు లేరు. వదిన నిమిషానికి అరవై సెకన్లే ఉంటాయని నమ్మినవాళ్ళెవరూ బాగుపడలేదు.

అలాంటి మనిషి, సెకనులో వెయ్యోవంతు ఆలస్యాన్ని పట్టుకోవడానికి వారాల తరబడి చీకట్లో కూర్చుంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ హాలు వాసన వస్తుంది. వేడెక్కిన దీపం, పాత వెల్వెట్ కుర్చీలు, నూనె పెట్టిన ఇనుము, మూడూ కలిసిన వాసన.

మేమిద్దరం నక్షత్రశాలలో పనిచేసేవాళ్ళం. నేను వ్యాఖ్యాతను. గుండ్రటి హాలు, పైన తెల్లటి గుమ్మటం, మూల ఒక చిన్న బల్ల, మైకు, ఎర్రబల్బు. దీపాలు ఆర్పేశాక, "మీ కళ్ళను కాస్త చీకటికి అలవాటు పడనివ్వండి" అని మొదలుపెట్టేదాన్ని. హాలు మధ్యలో నక్షత్రాలను చూపించే యంత్రం ఉండేది. అటొక పెద్ద గుండు, ఇటొక పెద్ద గుండు, మధ్యలో సన్నటి నడుము, కింద ఇనుప కాళ్ళు. చూసిన ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ "చీమ!" అని అరిచేవాళ్ళే. మేము గండుచీమ అనేవాళ్ళం. ఆ గుండ్లకున్న సన్నటి రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి గుమ్మటం మీద చుక్కలై పడేది. చీమ తిరిగితే ఆకాశం తిరిగేది. తిప్పడానికి మోటార్లు, ఆ మోటార్లకు "ఇప్పుడు కదులు, ఇప్పుడు కదులు" అని చెప్పడానికి అద్దాల గదిలో ఒక పాత కంప్యూటరు.

ఆ కంప్యూటరును చూసుకునే ఉద్యోగంలోకే వదిన వచ్చింది. అన్నయ్య బడిలో డ్రాయింగు మాస్టారు. గుమ్మటం అంచు చుట్టూ కనిపించే మేడల వరస, చెట్ల వరస నల్లరంగుతో గీసింది ఆయనే. గీస్తున్నప్పుడు ఒకరోజు అన్నం క్యారియరు ఇవ్వడానికి వచ్చిన వదిన, మూత తెరిచి ఉన్న కంప్యూటరును చూసి అక్కడే ఆగిపోయింది. క్యారియరు ఆవిడ చేతిలోనే చల్లారిపోయింది. ఎలక్ట్రానిక్స్ చదువుకుని, ఇంట్లో ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తూ కూర్చున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? మా డైరెక్టరుగారు ఖగోళశాస్త్రం చదివిన మనిషి, పెద్దమనిషి. "అమ్మా, గ్రహణం ఎప్పుడొస్తుందో వందేళ్ళ ముందు చెప్పగలను. ఈ పెట్టె ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేను. నువ్వు చెప్పగలవా?" అని అడిగారు. "చెప్పలేను సార్. ఆగితే లేపగలను" అంది. ఉద్యోగం ఇచ్చేశారు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నేను పావుమొగుడినైనా కాలేకపోయాను. పెళ్ళి చేసుకోకుండా మేడమీద గదిలో ఉండిపోయినదాన్ని. ఈవిడ ఇంట్లోనూ ఉంటుంది, ఆఫీసులోనూ ఉంటుంది, ఎటు తిరిగినా ఈవిడేనా అని మొదట్లో కొంచెం విసుక్కున్న మాట నిజం. ఆ విసుగు నెలకన్నా నిలవలేదు. పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. అంటే నేను ఎక్కేదాన్ని. ఆవిడ తలుపు తాళం వెయ్యడం మరిచిపోయి వెనక్కి పరిగెత్తి, తరవాతి బస్సులో వచ్చేది. కొన్నాళ్ళకు నేనూ ఆ తరవాతి బస్సుకే అలవాటు పడ్డాను.

అలా చాలా ఏళ్ళు హాయిగా గడిచాయి. వదిన ఆ పాత కంప్యూటరును పసిపాపను సాకినట్టు సాకింది. దుమ్ము ఊదేది, ఫ్యాను మార్చేది, తుక్కు దుకాణాలన్నీ తిరిగి అలాంటిదే ఇంకోటి వెతికి తెచ్చి విడిభాగాల కోసం బీరువాలో దాచేది. కానీ ప్రాణమున్నదైనా లేనిదైనా ముసలితనం ముసలితనమే. ఒక ఆదివారం ఆట మధ్యలో ఆకాశం ఆగిపోయింది. నేను శనిగ్రహం గురించి చెబుతున్నాను. అద్దాల గదిలోంచి వదిన చెయ్యి అడ్డంగా ఊపింది. మూత తెరిచి చూస్తే లోపల బోర్డు మీది చిన్న గొట్టాలు బూరెల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. దాచిన రెండోదీ అంతే. బీరువాలో కూర్చునే చచ్చిపోయింది.

చీమను తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. చీమ ప్రోగ్రాము కొత్త కంప్యూటర్ల మీద నడవదు. పాతవి దొరకవు. నక్షత్రశాలను నడిపే కమిటీవాళ్ళు, ఇదే అదను అన్నట్టు, చీమను తీసేసి వీడియో బొమ్మలు వేసే యంత్రం పెడదామన్నారు. "చీమను వరండాలో అద్దాలపెట్టెలో పెడదాం, పిల్లలు చూస్తారు" అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో వదిన నా వైపు తిరిగి, "అమ్మాయ్, దాన్ని అద్దాలపెట్టెలో పెడితే నేను అటువైపు నడవను" అంది. అంతకుముందు ఆవిడ దేని గురించీ అలా మాట్లాడగా నేను వినలేదు.

మర్నాడు డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి తన ఆలోచన చెప్పింది. టికెట్ల కౌంటరుకూ, కాపలా కెమెరాలకూ, ఆఫీసు లెక్కలకూ కలిపి సర్వర్ అనే పెద్ద కంప్యూటరు ఒకటి కొత్తగా వచ్చి ఉంది. దాని మీదే చీమ ప్రోగ్రామునూ నడుపుతానంది. డైరెక్టరుగారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బస్సులో అడిగితే ముందు సీటు వెనక వేలితో గీస్తూ చెప్పింది.

"ఒక పెద్ద ఇల్లుందనుకో. యజమాని అడ్డగోడలు కట్టి నాలుగు వాటాలు చేశాడు. ఏ వాటాలోవాళ్ళు ఆ వాటానే ఇల్లంతా అనుకుంటారు. పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలీదు. ఒక్కో వాటా ఒక్కో వర్చువల్ మెషీన్. అంటే లేని కంప్యూటరు ఉన్నట్టు. ఆ యజమాని ఉన్నాడే, ఆయన్ని హైపర్‌వైజర్ అంటారు. నేను ఒక వాటాని అచ్చం మన పాత కంప్యూటరులాగా సర్ది, చీమ ప్రోగ్రాముని అందులో దింపుతా. అది కళ్ళు తెరిచి చూసుకుని, ఇంకా ఆ పాత పెట్టెలోనే ఉన్నాననుకుంటుంది."

"పాపం, మోసం కదా వదినా?"

"బతికించడానికి అబద్ధమాడచ్చు" అంది.

పాత డిస్కును యథాతథంగా నకలు తీసింది. సర్వర్ మీద హైపర్‌వైజర్ ఎక్కించింది. టికెట్లకు ఒక వాటా, కెమెరాలకు ఒకటి, లెక్కలకు ఒకటి, చీమకు ఒకటి. మోటార్లకు వైర్లు వెళ్ళే కార్డును కొత్త సర్వర్లో గుచ్చి, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకుండా చీమ వాటాకే రాసిచ్చింది. సాయంత్రానికి స్క్రీను మీద ఆ పాత నీలిరంగు పలకరింపు కనిపించింది. మేము దీపాలు ఆర్పాం. చుక్కలు వచ్చాయి. అబ్బ, వదిన మొహం చూడాలి అప్పుడు! డైరెక్టరుగారు చప్పట్లు కొట్టేశారు. అక్కడే తొందరపడి, వచ్చి చూడమని కమిటీకి ఫోను చేశారు.

కమిటీ వచ్చింది. వాళ్ళలో పెద్దాయన మొదటి వరసలో కూర్చున్నారు. నేను మైకు ముందు కూర్చుని సప్తర్షి మండలం చూపించి, "ఇప్పుడు ఆకాశం నెమ్మదిగా పడమటికి జరుగుతుంది" అన్నాను. జరగడం మొదలైంది. ఉన్నట్టుండి ఆకాశమంతా ఒక్క గెంతు గెంతింది. కాసేపు బాగా నడిచింది, మళ్ళీ గెంతింది. కూర్చున్న నేలే కదిలినట్టయి బల్ల అంచు పట్టుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "గాలి కదలికల వల్ల నక్షత్రాలు మినుకుమినుకుమంటున్నట్టు కనిపిస్తాయి" అన్నాను.

చీకట్లోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "అమ్మాయీ, మినుకుమనడం వేరు, గెంతడం వేరు. మీ ఆకాశానికి ఎక్కిళ్ళు వస్తున్నాయి."

దీపాలు వేశాక ఆయన లేచి నిలబడ్డారు. వేసవి సెలవులయ్యి బళ్ళు తెరిచేదాకా చూస్తామనీ, అప్పటికీ ఇలాగే ఉంటే వీడియో యంత్రమేననీ చెప్పి వెళ్ళిపోయారు. వదిన ఇంటికి వెళ్ళి, తోమి బోర్లించిన గిన్నెను తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమోయ్, దాని రంగు పోయేలా ఉంది."

"ఎవరో అడ్డమొస్తున్నారండీ. చీమ వంతు వచ్చేసరికి ఎవరో అడ్డమొస్తున్నారు."

"ఎంతసేపు?"

"కన్ను మూసి తెరిచేంతసేపు కూడా కాదు. అందులో ఎన్నో వంతు."

అన్నయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "పెళ్ళికి గంట లేటుగా వచ్చినదానివి, ఆ మాత్రం ఆలస్యానికి గిన్నె అరగదీస్తున్నావా?" అన్నాడు. వదినకు కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆ రాత్రి అన్నం తింది.

సోమవారాలు నక్షత్రశాలకు సెలవు. ఆ సోమవారాలే మాకు దక్కాయి. బయట ఎండ పెళపెళలాడుతుంటే మేము తలుపులు మూసుకుని, కారుచీకట్లో కూర్చునేవాళ్ళం. వదిన అద్దాల గదిలో, నేను మైకు దగ్గర. నా పని ధ్రువ నక్షత్రానికి దూరంగా, వడిగా జరిగే చుక్కలను రెప్పవేయకుండా చూడటం, గెంతితే "ఆఁ" అనడం. నేను "ఆఁ" అన్నప్పుడల్లా వదిన స్క్రీను మీది అంకెలు చూసుకునేది. ఆ అంకెలు ఒక చిన్న ప్రోగ్రాము నుంచి వచ్చేవి. అది పడుకుంటూ, "నన్ను ఫలానా క్షణానికి లేపండి" అంటుంది. లేచాక ఎంత ఆలస్యంగా లేపారో రాస్తుంది. మళ్ళీ పడుకుంటుంది. ఇంట్లో వదిన, ఆవిడను లేపే అన్నయ్య లాగే, రాసుకోవడం ఒక్కటే తేడా.

"సగటు బాగానే ఉంది కదా వదినా?" అన్నాను ఒకసారి, స్క్రీను చూసి.

"సగటు ఎవడిక్కావాలి? ఏడాదంతా టైముకొచ్చి పరీక్ష రోజున రాని బస్సుని మంచి బస్సంటావా? అన్నిటికన్నా లేటుగా వచ్చింది ఏదో, దాన్ని చూడు. చీమ తడబడేది దానికే."

ఒక్కో సోమవారం ఒక్కో చిక్కు విప్పింది. మొదటిది, వాటాల ఇళ్ళల్లో ఉండే కుళాయి తగాదా లాంటిది. ప్రాసెసర్లో కోర్లని కొన్ని ఉంటాయి, పనిచేసే చేతుల్లాంటివి. హైపర్‌వైజర్ వాటిని అన్ని వాటాలకూ వంతులవారీగా ఇస్తోంది. టికెట్లవాళ్ళు ఒక చెయ్యి పట్టుకున్న క్షణంలో చీమకు అవసరమైతే, చీమ ఆగాల్సిందే. వదిన రెండు కోర్లను చీమకే కట్టేసి, మిగతావాళ్ళంతా మిగతావాటితో సర్దుకోండి అంది. హైపర్‌వైజర్ తన సొంత పనులక్కూడా ఆ రెండింటినీ వాడుకోకుండా చేసింది. నెట్‌వర్కు నుంచీ, డిస్కు నుంచీ వచ్చే పిలుపులు కూడా అటు వెళ్ళకుండా మళ్ళించింది. గెంతులు సగానికి సగం తగ్గాయి.

రెండో చిక్కు మరీ విచిత్రం. పనిలేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా చేద్దామని కునుకు తీస్తుందట. లేపితే లేస్తుంది కానీ ఒళ్ళు విరుచుకోవడానికి కాస్త సమయం పడుతుంది. "కునుకు లేదు, గినుకు లేదు" అని వదిన ఆ ఏర్పాటు మొత్తం తీసేసింది. ఆ తరవాత, చీమ వాడే మెమరీని డిస్కు మీదకి తోసేయకుండా కదలనీయకుండా పట్టి ఉంచింది. హైపర్‌వైజర్ కిందున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు బదులుగా, సమయం తప్పని పనుల కోసమే తయారుచేసినది తెచ్చి పెట్టింది. అది సరిగ్గా ఎక్కడానికే రెండు వారాలు మొండికేసింది.

ఇంత చేశాక ఆకాశం మెత్తగా తిరిగింది. నేను చెబుతూ పోతున్నాను, చుక్కలు జరుగుతూ పోతున్నాయి. ఇక అయిపోయిందనుకుంటుండగా ఒక్క గెంతు.

"ఆఁ" అన్నాను. నిజానికి అది ఏడుపు.

వదిన అద్దాల గదిలోంచి బయటికొచ్చి చీమ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏ వాటావాళ్ళూ కాదమ్మాయ్. యజమానీ కాదు. అందరి మీదా కన్నేసే ఉంచా. ఆ టైములో ఎవ్వరూ కదల్లేదు."

"మరి?"

"అదే అర్థంకావట్లేదు. ఒక కోర్‌ని కూర్చోబెట్టి, ఏ పనీ చెయ్యకు, గడియారం వైపే చూస్తుండు అని చెప్పా. అది చూస్తూనే ఉంది. మధ్యలో కొంచెం టైము లేదు. మాయమైపోయింది."

నాకు ఒళ్ళు జలదరించింది. హాలు చీకటిగా ఉండటం వల్ల కూడా కావచ్చు.

ఆ వారమంతా ఆవిడ ఎక్కడెక్కడివో చదివింది. వంటింట్లో చదివింది, బస్సులో చదివింది, దిగాల్సిన చోటు దాటిపోయాక కూడా చదివింది. సోమవారం ఉదయం నేను మేడమీద తల దువ్వుకుంటుంటే మెట్ల కిందనుంచి అరిచింది. "యజమాని పైన ఇంకో పెద్దాయన ఉన్నాడే!"

విషయమేమిటంటే, ఆ మదర్‌బోర్డు తయారుచేసినవాళ్ళు దాని లోపలే ఒక చిన్న ప్రోగ్రాము పెట్టి పంపారట. అది అప్పుడప్పుడూ హైపర్‌వైజర్‌కు కూడా చెప్పకుండా అందరినీ ఉన్నచోట నిలబెట్టేసి, తన పనేదో చూసుకుని వదిలేస్తుంది. నిలబడినట్టు నిలబడినవాళ్ళకు తెలియదు. అందుకే ఎవరి మీద కన్నేసినా దొంగ దొరకలేదు. కంప్యూటరు మొదలయ్యేముందు కనిపించే అమరికల్లో కొన్నింటిని తీసేస్తే దాన్ని చాలావరకూ ఆపవచ్చు. కానీ ఏది తీసెయ్యాలి? ఒక్కోటి తీసెయ్యడం, మళ్ళీ మొదలుపెట్టడం, నేను చుక్కలు చూడటం, "ఆఁ" అనడం. మధ్యాహ్నం దాటాక, పాతకాలపు పద్ధతిలో కీబోర్డును పలకరించే ఏర్పాటు ఒకటి కనిపిస్తే అదీ తీసేసింది.

గెంతు పోయింది. నేను గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. రాలేదు.

కానీ కీబోర్డూ పోయింది. ఆ అమరికల తెర దగ్గర ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. లోపలివాళ్ళు బాగానే ఉన్నారు, తలుపు తాళంచెవి మాత్రం లోపల పడిపోయింది. ఏదైనా మార్చాలంటే ఇక ఎలా? వదిన తల పట్టుకుంది. తరవాత సర్వర్ వెనక తడిమి చూసి, "గుండ్రటి మూతి కీబోర్డు పెట్టే రంధ్రం ఉంది! అలాంటిది దొరికితే చాలు" అంది. ఆ కాలానికే అవి మాయమైపోయాయి. నేను అన్నయ్యకు ఫోను చేశాను. ఆయన సెలవుల్లో ఉన్న బడి తెరిపించి, స్టోరు గదిలో చిరిగిన పటాల కిందా, విరిగిన బల్లల కిందా వెతికి ఒకటి పట్టుకొచ్చాడు. సుద్దపొడితో తెల్లబడి ఉంది, రెండు మూడు మీటలు లేవు. తెచ్చి వదిన ఒళ్ళో పెట్టి, "మొత్తానికి మీ ఆయన కూడా పనికొచ్చాడు" అన్నాడు.

"ఇంకా ఉంది పని. టికెట్ల కౌంటర్లో కూర్చోండి" అంది వదిన.

ఖాళీ రోజున ఆకాశం బాగా నడిస్తే సరిపోదట. జనం కిటకిటలాడే రోజున నడవాలట. అందుకని అన్నయ్య కౌంటర్లో కూర్చుని లేని జనానికి టికెట్లు కొడుతూనే ఉన్నాడు. కబురు పెడితే డైరెక్టరుగారు కూడా వచ్చి, ఆఫీసులో కూర్చుని కెమెరాల పాత రికార్డులన్నీ ఒకేసారి తిప్పారు. ఇంకో పక్క ఎన్నో ఏళ్ళ లెక్కల మొత్తాలు కూడించారు. సర్వర్ ఫ్యాన్లు తుఫాను గాలిలా ఊళపెట్టాయి. లోపల హాల్లో, చీమ తన లోకంలో తానుండి, తూర్పు నుంచి పడమటికి ఒక రాత్రినంతా మెల్లగా తిప్పి తెల్లవార్చింది. ఒక్క చుక్క తడబడలేదు. తలుపు తీసుకుని వచ్చిన అన్నయ్య మెడలో టికెట్ల చుట్ట దండలా వేలాడుతోంది. "హౌస్‌ఫుల్" అన్నాడు.

బళ్ళు తెరిచాక మొదటి ఆటకు కమిటీ పెద్దాయన చెప్పకుండా వచ్చి పిల్లల మధ్యలో కూర్చున్నారు. నేను చూడనట్టే ఉన్నాను. దీపాలు ఆరాయి. చుక్కలు రాగానే ఆ పిల్లలందరి నోటా ఒక్కసారిగా వచ్చే "హా!" ఉంటుంది చూశారూ, ఆ శబ్దం కోసమే నేను అన్నేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. ఆకాశం జరిగింది. ఎవరూ ఏమీ గమనించలేదు. ఆట అయ్యాక పెద్దాయన బయటికి వెళుతూ అద్దాల గది ముందు ఆగి, లోపల మా వదినకు ఒక నమస్కారం పెట్టారు. వదిన వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరికో అనుకుని.

ఆ తరవాత గండుచీమ పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళూ నా జీవితంలో తీపి రోజులు. తరవాతి బస్సు, కిటికీ పక్క సీటు కోసం మా ఇద్దరి వాదన, మధ్యాహ్నం గుమ్మటం వెనక మెట్ల మీద పంచుకున్న క్యారియరు, సోమవారాల చీకటి. వదిన ఒక్క ఆట కూడా వదల్లేదు. కానీ ఎప్పుడూ అద్దం వెనకే, అంకెల ముందే. సర్వర్ పాతబడితే ఇంకోటి తెచ్చి, చీమ వాటాను ఎత్తి అందులో పెట్టింది. చీమ ప్రోగ్రాముకు ఇల్లు మారినట్టు కూడా తెలియలేదు. కంప్యూటరుకు చావు లేకుండా చేసింది కానీ ఇనుముకు చెయ్యలేకపోయింది. చివరికి చీమ నడుములోని పళ్ళచక్రాలు అరిగిపోయాయి. అలాంటివి చేసేవాళ్ళు ఎక్కడా మిగల్లేదు. ఈసారి వదిన ఎవరితోనూ వాదించలేదు. "మనవైపు నుంచి లోటు లేదు" అంది, అంతే.

చీమను విప్పడానికి మనుషులు వచ్చే ముందురోజు, సోమవారం, వదిన కోసం ఒక్క ఆట వేద్దామా అని నేను డైరెక్టరుగారిని అడిగాను. ఆయన అప్పటికి పదవీ విరమణకు దగ్గరపడ్డారు. మెత్తగా తిప్పితే ఇంకొక్క ఆటకు చక్రాలు తట్టుకుంటాయన్నారు. అద్దాల గదిలో తాను కూర్చుంటానన్నారు. వదినను తీసుకొచ్చి మధ్య వరసలో, మెడ వెనక్కి వాలే మంచి కుర్చీలో కూర్చోబెట్టాను.

"నేనెందుకే ఇక్కడ? సార్‌కి ఆ అంకెలు తెలీవు."

"అంకెల్లేవు ఇవాళ. చుక్కలే. కూర్చో వదినా."

దీపాలు ఆర్పాం. నేను మామూలుగానే మొదలుపెట్టాను, హాలు నిండా జనం ఉన్నట్టే. కాసేపటికి చీకట్లోంచి వదిన గొంతు వచ్చింది.

"అమ్మాయ్, ఆ ఎర్రగా ఉన్నదేంటి?"

"జ్యేష్ఠ. వృశ్చికంలో తేలు గుండె దగ్గరుంటుంది. ఇన్నేళ్ళనుంచీ నేను రోజూ చెబుతూనే ఉన్నానుగా!"

"ఎప్పుడు విన్నానూ? నువ్వు ఆఁ అంటావేమోనని అది ఒక్కటే వినేదాన్ని." మళ్ళీ తనే అంది, "బాగుందే. పక్కన తోక కూడా ఉందే."

తోక గురించి చెప్పాను. పాలపుంత గురించి చెప్పాను. ఆవిడ ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. తరవాత అడగలేదు. ధనూరాశి దాటాక నాకు సన్నటి గురక వినిపించింది. ఎన్ని వేలమంది ఆ కుర్చీల్లో నిద్రపోయారో, ఎంతమందిని చూసి నేను నొచ్చుకున్నానో లెక్కలేదు. ఆరోజు మాత్రం నొచ్చుకోలేదు. నా గొంతు దానంతటదే తగ్గింది.

బల్ల మీది చిన్న స్పీకర్లో డైరెక్టరుగారు గుసగుసగా అడిగారు. "అమ్మా, పడుకున్నట్టుందే. ఆపెయ్యమంటావా?"

"వద్దు సార్, తెల్లారేదాకా కానివ్వండి" అన్నాను.